ఏబదియారు ఓటములు

2021వ సంవత్సరము డిసెంబరు మాసమునుండి 2024వ సంవత్సరము ఫిబ్రవరి మాసమువరకు, ప్రొ కబడ్డీ లీగు ఎనిమిదవ, తొమ్మిదవ, పదవ సీజన్లయందు, తెలుగు టైటాన్స్ అను మన జట్టు 66 ఆటలాడి, 5 గెలిచి, 56 ఓడి, 5 సమానముగ ముగించి, మూడుమార్లును పండ్రెండు జట్లలో పండ్రెండవదిగ నిలిచినది. అందరికంటె అడుగున నిలుచుట ఒకయేడు ఎవరికైనను తటస్థింపవచ్చును. వరుసగ మూడేండ్లు నిలుచుట మాత్రము కేవలము దురదృష్టము కానేరదు. దానికి కారణము లుండి తీరవలెను. ఆ జట్టును ప్రేమించువాడొకడు, కోపము చల్లారిన పిమ్మట, ఆ కారణములను నిదానముగ విచారించినచో ఏమి తేలునో దానిని మీతో చెప్పవలెనని నా ఉద్దేశము.

పొందూరు మనిషికి ఈ ప్రసంగముతో పని యేమియని కొందరు అడుగవచ్చును. మా ఊరి పేరు చెప్పగానే లోకమునకు సన్నఖాదీ జ్ఞప్తికి వచ్చును గాని ఆటపాటలు జ్ఞప్తికి రావు. ఐనను కోతలైన మళ్ళలోను, నాగావళి యిసుకతిన్నెలమీదను సంక్రాంతినాటికి చెడుగుడు బరి గీయని గ్రామము ఈ ప్రాంతమున అరుదు. పగలంతయు మగ్గపుగుంటలో కాళ్ళు దించుకొని కూర్చుండిన నేతగాని కుమారుడు సాయంకాలమైనంతనే లుంగీ ఎగగట్టి కూతకు దిగుట మేము పుట్టినది మొదలు చూచుచున్న దృశ్యమే. అందుచేత టైటాన్స్ ఆట ఉన్న రాత్రి ఎనిమిదిగంటలకు, టీకొట్టు బల్లమీద గాజుగ్లాసుకు ఆనించి నిలిపిన ఫోనుచుట్టు పదిపండ్రెండు తలలు మూగుటయు, ఆట ముగియుటకు ముందే ఆ తలలలో సగము మెల్లగ వెడలిపోవుటయు, పోవువారిలో ఎవడో ఒకడు "పోనాదిరా, మళ్లీ పోనాది" యని గొణుగుకొనుచు సైకిలెక్కుటయు ఆ మూడు చలికాలములలో మా వీధికి అలవాటైపోయినవి. ఆ గొణుగుడులో తిరస్కారము లేదు. స్వజనమునకు కీడు మూడినప్పుడు కలుగు బాధ యున్నది. ఆ బాధకు సమాధానము చెప్పవలసియున్నది.

టైటాన్స్ మొదటినుండియు ఓడెడి జట్టు కాదు. 2014వ సంవత్సరమున ఎనిమిది జట్లతో లీగు ఆరంభమైనప్పుడు దీనికి విశాఖపట్టణమే స్వస్థానము. పొందూరు స్టేషనులో రైలెక్కినవాడు తన జట్టును కన్నులార చూచి మరునాటికి మరల పనిలోనికి రాగలిగిన కాలమది. ఉత్తరప్రదేశమందలి బిజ్నోరు ప్రాంతమునుండి వచ్చిన రాహుల్ చౌదరి ఆరు సీజన్లు ఈ జట్టుకే కూతకు పోయి, తెలుగు మాటలాడకపోయినను తెలుగువారి ఇంటి బిడ్డడై, ఈ దేశమున పిల్లవాండ్ర నోట పేరు మెదలిన మొదటి కబడ్డీ వీరులలో ఒకడయ్యెను. 2015లో జట్టు మూడవస్థానము పొందినది; మరుసటియేడు నాల్గవ సీజనులో నాల్గవస్థానము. స్వస్థానము క్రమముగ హైదరాబాదునకు మారినది. 2018 తరువాత రాహుల్ వెడలిపోయినాడు. 2019లో కొల్హాపురము వాడైన సిద్ధార్థ దేశాయిని 1 కోటి 45 లక్షలకు కొని తెచ్చినను జట్టు ఆరు ఆటలే గెలిచి పదకొండవదయ్యెను. పతనము ప్రారంభమైన దప్పుడే. అది పతనమని గుర్తించువారు మాత్రము అప్పటికి లేకపోయిరి.

2020లో మహమ్మారివలన లీగు జరుగలేదు. తరువాతిదైన ఎనిమిదవ సీజనంతయు బెంగుళూరులో ఒక హోటలు ఆవరణయందు, ప్రేక్షకుడన్నవా డొక్కడును లేని మందిరములో నడచినది. సిద్ధార్థ దేశాయి ఆరంభముననే గాయపడి తొలగెను. 22 ఆటలలో టైటాన్స్ గెలిచినది ఒక్కటే. జైపూర్ పింక్ పాంథర్స్ మీద, 35-34, ఒక్క పాయింటు తేడాతో. ఇంతవరకే విన్నవాడు ఆ జట్టును పనికిమాలినదని త్రోసివేయును. కాని పట్టికను కొంచెము నిలిచి చదివినచో వేరొక సంగతి గోచరించును. ఆ కాలమున ఈ లీగులో గెలిచినవారికి 5 పాయింట్లు, సమానమైనచో చెరి 3, ఏడు లేక అంతకు తక్కువ తేడాతో ఓడినవారికి ఓదార్పుగ 1 ఇచ్చుచుండిరి. ఆ యేడు టైటాన్స్ మొత్తము 27. అందు ఒక గెలుపునకు 5, నాలుగు సమానములకు 12 తీసివేయగ మిగిలినవి 10. అనగా వారోడిన 17 ఆటలలో పదింటియందు వారు ఏడు పాయింట్లలోపలనే ఓడిరి. మరి నాలుగింట ఓడనేలేదు. ముప్పదియైదు నిమిషములు ప్రత్యర్థికి సరిజోడుగ పోరాడి, చివరి ఐదునిమిషములలో ఎవరిని కూతకు పంపవలెనో, ఎప్పుడు కాలము గడపవలెనో, ఎప్పుడు మీద పడవలెనో నిర్ణయింపలేక చేజార్చుకొన్న జట్టది. అటువంటి జట్టుకు కావలసినది ఓర్పు. కలిసి ఓడినవారిని కలిసియే ఉండనిచ్చి, ఆ ఐదునిమిషముల విద్యను నేర్పినచో మరుసటియేడు ఆ పదింటిలో సగమైనను గెలిచియుందురని నా దృఢవిశ్వాసము.

జరిగినది దానికి విరుద్ధము. నాయకుడు మారెను, శిక్షకుడు మారెను, కొత్త రైడర్లు వచ్చిరి. ఒకరితో ఒకరికి పరిచయమే లేని పేరుగల క్రీడాకారులు ఒకచోట చేరిరి. తొమ్మిదవ సీజనులో 22 ఆటలకు గెలుపులు 2, ఓటములు 20, పాయింట్లు 15. మరల అదే లెక్క వేసినచో ఇరువది ఓటములలో దగ్గరగ వచ్చి ఓడినవి ఐదే. మొదటియేడు గుమ్మముదాక పోయి తిరిగివచ్చినవారు రెండవయేడు వీధిమొగకైనను పోలేకపోయిరి. వరుస పట్టికలో రెండేండ్లును ఒక్కతీరుగనే కనబడును: కడపటి స్థానము. కాని ఆ రెండు కడపటి స్థానములు వేరువేరు రోగములు. రెంటికిని ఒకే మందు వేసినారు, అదియు వికటించినది.

ఇక మూడవదైన పదవ సీజను. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. 2023 అక్టోబరులో హాంగ్జౌ ఆసియా క్రీడలయందు భారతజట్టుకు నాయకుడై స్వర్ణపతకము తెచ్చిన పవన్ సెహ్రావత్‌ను, ఆ స్వర్ణము వచ్చిన రెండుమూడు దినములకే ముంబయిలో జరిగిన వేలములో, టైటాన్స్ వారు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనిరి. అంతకు పూర్వము ఈ లీగులో ఏ క్రీడాకారునికిని అంతధర పలుకలేదు. తెలుగునాట ఆనందమునకు మేరలేదు. మా టీకొట్టులో ఆ రాత్రి పకోడీలు పంచినవాడున్నాడు. కాని జట్టు మొత్తమునకు వ్యయము చేయుటకు లీగువా రనుమతించిన సొమ్ము 5 కోట్లు మాత్రమే. అందు సగమునకు పైబడి ఒక్క మనుష్యునికి పోగ, తక్కిన జట్టంతటికిని మిగిలినది 2 కోట్ల 40 లక్షలకు లోపు. రక్షణకు మంచి మూలవాడు, మంచి కవరువాడు, పవన్‌కు తోడుగ కూతకు పోగల రెండవ, మూడవ రైడర్లు, వీరందరును ఆ మిగిలినదానిలోనే రావలెను. ఆ యేటి ఓటములు ఆ వేలపుశాలలోనే నిశ్చయమైనవని నేననుకొందును.

చెడుగుడు నెరుగని శ్రోతలకు ఇది ఎట్లు సంభవించునో కొంచెము వివరింతును. ఒక్కొక్క పక్షమున ఏడుగురు. కూతకు పోయినవాడు ముప్పది సెకండ్లలో ఎదుటివానిని తాకి తిరిగి వచ్చినచో పాయింటు. పట్టుబడినచో తానే బయటికి పోయి బల్లపై కూర్చుండవలెను. వాని పక్షమువారు పాయింటు సంపాదించినప్పుడుగాని వాడు మరల లోనికి రాడు. కావున పవన్‌వంటివానితో ఆడు ప్రత్యర్థి వానిని జయింపనక్కరలేదు. బయట కూర్చుండబెట్టినచో చాలును. ఆ చలికాలమున పలుమార్లు మనము చూచినది ఇదియే. పవన్ మధ్యగీత దాటి, భుజములు వంచి, కూత విడువక ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు రెండడుగులాడి, బోనసు పాయింటుకొరకు బోనసుగీత దాటి కాలు మోపబోవును. మూలనున్నవాడు అంతవరకు చూడనివానివలె నుండి, ఆ కాలు నేలనంటిన క్షణముననే చీలమండ నందుకొనును. కవరులోనివాడు నడుముపై పడును. ఇంకొకడు మధ్యగీతకు అడ్డుగ దూకును. పవన్ లేచి, దుమ్ము దులుపుకొని, తలవంచుకొని బల్లవైపు నడచును. అటుపిమ్మట కూతకు పోవువాడు తాకకుండ తిరిగి వచ్చును. రెండవమారును వట్టిచేతులతోనే వచ్చును. మూడవది చావో రేవో తేల్చుకొనవలసిన కూత గనుక తెగించి పోయి చిక్కుకొనును. ఏడుగురు ఐదుగు రగుదురు, ఐదుగురు మువ్వు రగుదురు, తుదకు అందరును బయటికి పోయి ఆల్అవుటు. ప్రత్యర్థికి అదనముగ రెండు పాయింట్లు. అప్పుడు నియమానుసారము ఏడుగురును మరల లోనికి వత్తురు. పవన్ కూడ వచ్చును. తన జట్టు పూర్తిగ నశించినగాని తాను లేచి రాలేని దుస్థితి ఆ వీరునిది. అట్లుండియు ఆ సీజనులో అతడు రెండువందలకు పైగా రైడు పాయింట్లు తెచ్చినాడు. జట్టు గెలిచినది రెండాటలు. ఓడినవి 19, సమాన మొకటి, మొత్తము 21 పాయింట్లు.

మా ఊరివారికి ఈ సంగతి సులభముగ బోధపడవలెను. పొందూరులో నూరవనెంబరు నూలు వడకు స్త్రీ రాట్నము దగ్గరకు రాకమునుపే వాలుగచేప దవడతో పత్తిని గింజగింజకును దువ్వి, నలుసు లేకుండ చేసి, ఏకులు చుట్టుకొనును. ఆ పని సరిగ చేయనిదే ఎంత నేర్పరియైన చేయి త్రిప్పినను దారము నిలువదు. టైటాన్స్ వారు దేశములోకెల్ల గొప్పచేతిని తెచ్చిరి గాని పత్తి దువ్వుకొనలేదు. ఆ తప్పు చేతిది కాదు. ఓడినకొలది పవన్‌ను నిందించినవారు అన్యాయము చేసిరి.

నాయకత్వదోషమువలన ఓడుటయు, సొమ్ము పంపకమువలన ఓడుటయు ఒకటి కాదు. మన ప్రాంతపు చరిత్రలోనే మొదటిదానికి నిదర్శనమున్నది. 1936లో ఇంగ్లండునకు పోయిన భారత క్రికెట్టుజట్టుకు విజయనగరపు మహారాజకుమారుడు నాయకుడు. 1932లో తొలి టెస్టుకు నాయకత్వము వహించిన సి.కె. నాయుడు ఆ జట్టులో ఆయన క్రింద ఆడవలసివచ్చినది. మొదటి టెస్టునకు పూర్వమే లాలా అమర్‌నాథ్‌ను స్వదేశమునకు త్రిప్పి పంపిరి. మూడు టెస్టులలో రెండోడి ఒకటి నిలుపుకొనిరి. అచ్చట శక్తి యుండియు ఐకమత్యము లేదు. టైటాన్స్‌లో అట్టి కలహవార్త లేవియు పొక్కలేదు. పదవ సీజను శిక్షకుడైన శ్రీనివాసరెడ్డి తెలుగువాడు, ఆట నెరిగినవాడు. అచ్చట కొరవడినది బలముయొక్క సమవిభాగము.

ఆ పదవ సీజను చలికాలముననే భూగోళమున కావలిప్రక్క, అమెరికాలోని డెట్రాయిట్ పిస్టన్స్ అను బాస్కెట్‌బాలు జట్టు వరుసగ 28 ఆటలు ఓడి, ఒక్క సీజనులో ఎన్‌బిఎ చరిత్ర కనివిని ఎరుగని ఓటమివరుసను నమోదు చేసినది. 2023 డిసెంబరు 30వ తేదీన టొరంటోపై గెలిచిననాడు వారి నగరమున జనులు పండుగ చేసికొనిరి. ఆ సీజను ముగియునప్పటికి 82 ఆటలలో వారికి గెలుపులు 14; మరుసటియేడు 44. ఆ దేశమున అడుగున నిలిచిన జట్టుకు మరుసటియేటి నూతన యువక్రీడాకారుల ఎంపికలో ముందువరుసలో అవకాశ మిత్తురు. అనగా ఓడినవానిని లేవనెత్తుట అచ్చటి ఏర్పాటులోనే ఇమిడియున్నది. మన వేలములో గెలిచినవానికిని ఓడినవానికిని సంచి ఒక్కటే. కనుక ఇచ్చట ఓడినవాడు లేచుటకు వివేక మొక్కటే ఆధారము.

2024 జనవరిలో మన పదవ సీజను హైదరాబాదునకు వచ్చినప్పుడు గచ్చిబౌలి మందిరమునకు వచ్చిన జనమును నేను మరువజాలను. గెలుపుమీద ఆశ పెట్టుకొనుటకు పట్టికలో ఆధార మేమియు లేదు. ఐనను పిల్లలను భుజములమీద నెక్కించుకొని వచ్చిరి, గొంతులు బొంగురుపోవునట్లు అరచిరి. మార్చి 1వ తేదీన అదే మందిరములో ఫైనలు జరిగినది. ఆడినవారు పుణేరి పల్టన్, హర్యానా స్టీలర్స్, పుణేవారు గెలిచిరి. మన నేలమీద, మన దీపముల వెలుగులో ఇతరులు కప్పు నెత్తుచుండ చప్పట్లు కొట్టిన ఆ తెలుగు ప్రేక్షకుని సౌజన్యము ఏ విజయమునకును తీసిపోదు. యజమానులు, శిక్షకులు, క్రీడాకారులు అందరును జీతభత్యములకో లాభములకో ఆ మూడేండ్లు గడపిరి. ప్రేక్షకుడు తన సొమ్ము పెట్టి ఓటమిని కొనుక్కొని, మరునాడు మరల వచ్చినాడు. నష్టమునకు నిజమైన హక్కుదారు అతడే.

పదకొండవ సీజనునకు కృష్ణకుమార్ హుడాను శిక్షకునిగ తెచ్చిరి. టైటాన్స్ ఒక్క ఆట గెలిచి అడుగున నిలిచిన ఎనిమిదవ సీజనులో దబంగ్ ఢిల్లీని విజేతగ నిలిపినవా డీయనే. ఈమారు పవన్‌ను వేలములోనికి వదలి, 1 కోటి 72 లక్షల 50 వేలకే మరల తీసికొనిరి; మిగిలినదానితో రక్షణను కట్టిరి. నడుమ పవన్ గాయపడెను. పూర్వమైనచో జట్టు అంతటితో కూలియుండెడిది. ఇప్పుడు కూలలేదు, విజయ్ మలిక్ ముందునకు వచ్చి బాధ్యత వహించినాడు. 22 ఆటలలో 12 గెలిచి, ఏడవస్థానమున నిలిచి, ఆరు జట్లకే ప్రవేశమున్న తుదిపోరు నొక్కమెట్టులో చేజార్చుకొనిరి. ఒక్కయేటిలో రెండు గెలుపులు పండ్రెండైనవి. అందుకు రెండున్నరకోట్ల వీరుడు వేరొకడు రానక్కరలేకపోయినది. పండ్రెండవ సీజను 2025 ఆగస్టు 29వ తేదీన, 2018 తరువాత మొదటిసారిగ లీగునకు ఆతిథ్యమిచ్చిన మన విశాఖలోనే ప్రారంభమైనది. పవన్ అప్పటికి తమిళ్ తలైవాస్‌కు పోయి ప్రత్యర్థిగ వచ్చినాడు. ఆ తొలియాట 35-38 తేడాతో మనవారే ఓడిరి. మా టీకొట్టులో మరల ఆ పాతగొణుగుడు వినబడినది. కాని విజయ్ మలిక్ నాయకుడుగ, భరత్ హుడా తోడుగ ఆ జట్టు తుదిపోరులో ప్రవేశించి, ఫైనలుకు ఒక్కమెట్టు దిగువవరకు పోయి, పుణేరి పల్టన్ చేతిలో ఓడినది. ఓడినదే, ఐనను ఆ ఓటమినాడు టీకొట్టు చివరికూతవరకు నిండియే యుండెను.

ఇంతవరకు చెప్పినది యజమానులకు సంబంధించినది. మనకు సంబంధించినది ఒకటి మిగిలియున్నది; అదియే నాకు ఎక్కువ బాధాకరము. రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశమువాడు, సిద్ధార్థ దేశాయి మహారాష్ట్రమువాడు, పవన్ ఢిల్లీవాడు, విజయ్ మలిక్ హర్యానావాడు. వారందరును మనకు పూజ్యులే. కాని తెలుగుపేరు ధరించిన జట్టును పది పండ్రెండేండ్లుగ భుజములపై మోసినవారిలో, పిల్లవాడు గోడమీద బొమ్మ అంటించుకొనదగిన తెలుగు రైడరు ఒక్కడును లేడేమి? శక్తి లేకనా? పొందూరునకు సమీపముననే, ఆమదాలవలస దరిని, ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరము సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము తెచ్చినది. ఆమెను తీర్చినది రాజధాని మందిరము కాదు, ఊళ్ళోని తాలింఖానాయును, నీలంశెట్టి అప్పన్న అను గురువు శ్రద్ధయును. వీరఘట్టములో మహాబలుడు కోడి రామమూర్తి జన్మించిన సీమ ఇది. హర్యానా గ్రామములలో బడి విడిచినంతనే పిల్లలను చేరదీసి, ఇది పట్టు, ఇది విడుపు అని చేయిపట్టి నేర్పు పెద్దలున్నారు. మన ఊళ్ళలో చెడుగుడు సంక్రాంతి మూడుదినములతో ముగియును. కనుమ మరునాడు బరిగీత చెరిగిపోవును, మరల ఏడాదికిగాని ఎవడును దానిని తలచడు.

కావున పొందూరు, ఆమదాలవలస, ఎచ్చెర్ల, రాజాం ప్రాంతముల ప్రధానోపాధ్యాయులకును, వ్యాయామోపాధ్యాయులకును, పంచాయతీ పెద్దలకును, పట్నములలో ఉద్యోగములు చేయుచు ఊరిమీద అభిమానము వీడని యువకులకును నాదొక మనవి. చెడుగుడు బరికి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు నేల చాలును. రాళ్ళేరి, మట్టి జల్లించి, మెత్తగ తడిపి, సున్నముతో గీత గీయుడు; వానకాలమున ఆడుటకు పైన రేకులషెడ్డొకటి వేయించుడు; పూర్వము జిల్లాజట్టుకు ఆడి ఇప్పుడు ఇంటివద్ద నున్న క్రీడాకారు నొకనిని పిలిచి సాయంకాలము రెండుగంటలు పిల్లలకు అప్పగింపుడు. ఆడపిల్లలను కూడ దింపుడు. ఈ జిల్లా ఆడపిల్లల చేతిబలము లోకమునకు రుజువైనది. పండుగవరకు ఆగవలదు, ఈ నెలలోనే మొదలుపెట్టుడు.